పీడితుల పక్షాన నిలిచిన కలం: షోయబుల్లా ఖాన్

దైవప్రవక్త ముహమ్మద్‌ (స)కు సుమారు 20 ఏళ్ల వయసున్నప్పటి సంగతి. అప్పటికి ఆయనకు ప్రవక్త పదవి లభించలేదు. యమన్‌లోని జబీద్ నుంచి మక్కాకు వచ్చిన ఒక వర్తకుని వద్ద ఖురైష్ పెద్దల్లో ఒకడైన ఆస్ బిన్ వాయిల్ సరుకు తీసుకొని డబ్బు ఎగవేశాడు. ఆ వర్తకునికి మక్కాలో తెగ లేదు, బలగం లేదు. అప్పుడు కొందరు అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట్లో సమావేశమయ్యారు. బాధితుడు ఎవరైనా సరే, బాధించినవాడు తమవాడే అయినా సరే, బాధితుని హక్కు అతనికి దక్కేదాకా అండగా ఉంటామని ప్రమాణం చేశారు. ఇదే 'హిల్ఫుల్ ఫుజూల్' ఒప్పందం. అందులో పాల్గొన్న దైవప్రవక్త (స) ఆ తర్వాతి కాలంలో కూడా దాన్ని ఎంతో గౌరవంగా గుర్తు చేసుకునేవారు.

పరాయివాడు మనవాడిని కొడితే అరవడం తేలిక. మనవాడు పరాయివాడిని కొట్టినప్పుడు అడ్డుపడటమే కష్టం. హైదరాబాద్ రాజ్యంలో ఆ కష్టాన్ని కోరి తలకెత్తుకున్న ముస్లిం యువకుడు షోయబుల్లా ఖాన్.

బాల్యం, పత్రికా జీవితం

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరు 17న నేటి మహబూబాబాద్ ప్రాంతంలోని సుబ్రవేడు గ్రామంలో జన్మించారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. షోయబ్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టా పొందారు. ఆ రోజుల్లో ఆ చదువుకు సర్కారీ నౌకరీ సులభంగా దొరికేది. ఆయన మాత్రం పత్రికారంగాన్ని ఎంచుకున్నారు. మొదట 'తేజ్' పత్రికలో, తర్వాత మందుముల నర్సింగరావు నడిపిన 'రయ్యత్' పత్రికలో పనిచేశారు. రయ్యత్ అంటే రైతు, ప్రజ. ప్రజల గోడు వినిపించినందుకు ప్రభుత్వం ఆ పత్రికను మూయించింది.

షోయబ్ వెనక్కి తగ్గలేదు. 1947 నవంబరు 15న 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రికను ప్రారంభించారు. ఇమ్రోజ్ అంటే నేడు. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని బూర్గుల గ్రామాన్ని ఇంటిపేరుగా గల బూర్గుల రామకృష్ణారావు ఆ పత్రికకు ఆర్థికంగా తోడ్పడ్డారు. ఒక హిందూ న్యాయవాది, ఒక ముస్లిం సంపాదకుడు కలిసి నిలబడితేనే ఆ పత్రిక వెలుగు చూసింది.

ఆనాటి పరిస్థితులు

అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నిజాం మాత్రం తన రాజ్యాన్ని విడిగా ఉంచాలనుకున్నాడు. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు పల్లెల మీద పడి దోపిడీలకు, దహనాలకు, హత్యలకు పాల్పడ్డారు. 1948 జనవరి 10న నల్గొండ జిల్లా బీబీనగర్‌లో రైలు దిగిన రజాకార్లు ఊరిని దోచుకున్నారు. తర్వాతి కాలంలో ఈ కేసులోనే రజ్వీకి 7 ఏళ్ల జైలుశిక్ష పడింది.

ఈ దుర్మార్గాలన్నీ ఇస్లాం పేరు మీద జరిగాయి. అదే షోయబ్ మనసును ఎక్కువగా కలచివేసి ఉంటుంది. రైతు ఇల్లు తగలబెట్టడం, ఆడవాళ్ల మీద చేయి వేయడం, నిరాయుధుడిని చంపడం ఏ మతం ఒప్పుకుంటుంది? 1948 జనవరి 29న ఆయన పగటి ప్రభుత్వం, రాత్రి ప్రభుత్వం అనే శీర్షికతో సంపాదకీయం రాసి రజాకార్ల దురాగతాలను ఎండగట్టారు. బాధితుల్లో అత్యధికులు హిందువులు. రాసింది ముస్లిం. చదివినవారిలో ఉర్దూ తెలిసిన ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. అంటే ఆయన తన మాటను వినవలసిన వారి ఇంటి గడపలోనే నిలబడి చెప్పారు.

ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్ల ఆగడాలను ఆపాలని, రాజ్యం భారతదేశంలో చేరాలని కోరుతూ ఒక ప్రకటన చేశారు. ఇమ్రోజ్ దాన్ని ప్రచురించింది. ఆగస్టు 19న జమ్రుద్ మహల్ సభలో రజ్వీ, తమకు వ్యతిరేకంగా లేచే చేతులను నరికివేస్తామని బహిరంగంగా బెదిరించాడు.

షహాదత్

హెచ్చరికలు అందినా షోయబ్ పత్రిక పని ఆపలేదు. ఆగస్టు 21 అర్ధరాత్రి పని ముగించుకొని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి కాచిగూడలోని ఇంటికి నడిచి వెళుతున్నారు. చప్పల్ బజార్ దగ్గర దుండగులు దాడి చేసి, ఆయన్ను తుపాకీతో కాల్చి, రాసే చేతిని నరికేశారు. అడ్డుపడిన ఇస్మాయిల్ కూడా చేయి పోగొట్టుకున్నారు. 22 తెల్లవారుజామున షోయబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు నిండలేదు.

నిప్పు ఎవరిని కాల్చింది?

నెల తిరగకముందే, సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత ప్రతీకారం చెలరేగింది. రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం కుటుంబాలు దానికి బలయ్యాయి. కేంద్ర ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారం ఔరంగాబాద్, బీడ్, నల్గొండ, మెదక్ జిల్లాల్లో కలిపి చనిపోయినవారు కనీసం 5,000. మరో నాలుగు జిల్లాల్లో ఆ సంఖ్య ఇంకా ఎక్కువ. ఎవరో చేసిన పాపానికి ఎవరో శిక్ష అనుభవించారు. అయితే అదే కమిటీ ఇంకో విషయం కూడా నమోదు చేసింది. ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన హిందువులున్నారు. ముస్లిం నేతగాళ్లను రక్షించడానికి హిందూ నేతగాళ్లు ప్రాణాలు సైతం పోగొట్టుకున్నారు. షోయబ్ ఇటు నుంచి చేసిన పనినే వాళ్లు అటు నుంచి చేశారు.

మనకు పాఠం

సోదర సోదరీమణులారా! మనిషిని అతని పేరును బట్టి, ముఖాన్ని బట్టి దోషిగా తేల్చే జబ్బు ఇంకా పోలేదు. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఇద్దరు తెలుగు ఇంజినీర్లను ఇరాన్ దేశస్థులనుకొని ఒక తెల్లజాతీయుడు కాల్చాడు. ఒకరు చనిపోయారు. హంతకుణ్ణి ఆపబోయి తూటా దెబ్బ తిన్నది కూడా ఒక తెల్లజాతి యువకుడే. 2020లో కరోనా వచ్చినప్పుడు మన దేశంలోనే ఈశాన్య రాష్ట్రాల పిల్లలను ముఖం చూసి వ్యాధి పేరుతో ఎగతాళి చేశారు. అదే సమయంలో ముస్లింలనూ వ్యాధి అంటించేవారని నిందించారు. ఆ నింద ఎంత బాధ పెడుతుందో మనకు తెలుసు. మరి ఆ పిల్లల కోసం మనలో ఎంతమంది నోరు విప్పాం?

న్యాయం విషయంలో మనకూ, మన బంధువులకూ వ్యతిరేకంగానైనా సాక్ష్యం చెప్పాలని దివ్య ఖుర్‌ఆన్ ఆదేశిస్తోంది. దౌర్జన్యం చేసే సోదరుని చేయి పట్టి ఆపడమే అతనికి చేసే సహాయమని దైవప్రవక్త (స) బోధించారు. ఇది ఇంట్లోంచే మొదలుకావాలి. దస్తర్‌ఖాన్ దగ్గర ఎవరైనా వేరే మతంవారినో, కులంవారినో, ప్రాంతంవారినో కించపరిస్తే పెద్దలు అక్కడికక్కడే వారించాలి. నిజమో కాదో తెలియని మాటను ఫోనులో మరొకరికి పంపకూడదు. బస్సులోనో, కాలేజీలోనో ఒంటరివాడిని నలుగురు చుట్టుముడితే అతని పక్కన వెళ్లి నిలబడాలి. అవసరమైతే పోలీస్ స్టేషన్‌లో సాక్ష్యం చెప్పాలి.

షోయబుల్లా ఖాన్ చేయి తెగింది, ఆయన రాసినది మాత్రం సాక్ష్యంగా నిలిచింది. అల్లాహ్ ఆయన్ను మన్నించి, స్వర్గంలో ఉన్నత స్థానం ప్రసాదించుగాక! మనవారైనా పరాయివారైనా పీడితుని పక్షాన నిలిచే ధైర్యాన్ని మనకూ, మన పిల్లలకూ అనుగ్రహించుగాక! ఆమీన్.