నాయంకరం, కప్పముల నడుమ ప్రతాపరుద్ర చక్రవర్తి పాలన

వరంగల్: కాకతీయ వంశపు చివరి చక్రవర్తి ప్రతాపరుద్రుడు 1289 నుండి 1323 వరకు ఓరుగల్లు రాజధానిగా పాలించారు. ఆయన రాణి రుద్రమదేవి కుమార్తె ముమ్మడమ్మకు జన్మించి, మాతామహి అనంతరం సింహాసనమును అధిష్ఠించారు.

రుద్రమదేవి కాలమున రూపుదిద్దుకున్న నాయంకర వ్యవస్థను ఆయన విస్తరింపజేశారు. ఈ విధానంలో నాయకులు తమకు కేటాయించిన గ్రామాల ఆదాయమును అనుభవించుచు, అందుకు ప్రతిగా నిర్ణీత సంఖ్యలో సైన్యమును పోషించి చక్రవర్తికి సమకూర్చవలసి ఉండేది. చెరువులు నిర్మించిన వారికి దశబంధ మాన్యములు లభించేవి. ఈ విధంగా రక్షణకు, సాగునీటికి అగు వ్యయం స్థానిక ఆదాయము నుండే సమకూరేది.

1310లో మాలిక్ కాఫూర్ ముట్టడి ఫలితంగా ఢిల్లీకి ఏటా కప్పం చెల్లించుటకు ప్రతాపరుద్రుడు అంగీకరించవలసి వచ్చింది. ఏనుగులు, గుర్రములు, ధనరాశులు ఉత్తరాదికి తరలిపోయాయి. చెల్లింపు నిలిచిపోగా, 1318లో ఖుస్రో ఖాన్ బకాయిల వసూలుకు సైన్యముతో వచ్చాడు. 1321 నాటి ముట్టడి విఫలమైనను, 1323లో ఉలుఘ్ ఖాన్ కోటను వశపరచుకొన్నాడు. బందీగా ఢిల్లీకి తరలించుచుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరమున కన్నుమూశారు.

రాజధాని పతనమైనను గ్రామముల బలము నాయకుల చెంత మిగిలింది. ఆ నాయకులను కూడగట్టిన ముసునూరి కాపయనాయకుడు 1336 ప్రాంతమున ఓరుగల్లును తిరిగి స్వాధీనపరచుకొన్నారు.