మూకీ తెరపై పేదవాని గొంతు - చార్లీ చాప్లిన్

చలనచిత్రానికి ఇంకా మాటలు రాని రోజులవి. రెండు రీళ్ళ హాస్యచిత్రాలను చూసి ప్రజలు కడుపుబ్బ నవ్వుకొని ఇళ్ళకు వెళ్ళేవారు. ఆ నవ్వుల నడుమ పేదవాని ఆకలిని, అధికారుల కాఠిన్యాన్ని కళ్ళకు కట్టించిన మహానటుడు చార్లీ చాప్లిన్.

చాప్లిన్ 1889 ఏప్రిల్ 16న జన్మించాడు. లండన్ నగరపు పేదవాడలలో పెరిగాడు. తల్లిదండ్రులిరువురూ రంగస్థల గాయకులే. తండ్రి తాగుడుకు బానిసయ్యాడు. తల్లి మనోవ్యాధికి గురయింది. ఏడేళ్ళ ప్రాయంలోనే చాప్లిన్ నిరుపేదల శరణాలయంలో చేరవలసివచ్చింది. ఆ అనుభవమే తరువాతి కాలంలో అతని కళకు ఊపిరి అయింది.

నాటక బృందంతో 1910లో అమెరికా చేరిన చాప్లిన్ 1914లో చిత్రరంగంలో ప్రవేశించాడు. బిగుతైన కోటు, వదులైన ప్యాంటు, పెద్ద బూట్లు, చిన్న మీసం, చేతికర్ర - ఈ వేషంతో దేశదిమ్మరి పాత్రను సృష్టించి లోకప్రసిద్ధుడయ్యాడు.

1917లో వచ్చిన రెండు లఘుచిత్రాలు అతని సామాజిక దృష్టికి నిదర్శనాలు. 'ఈజీ స్ట్రీట్'లో అతడు పోలీసు. ఆకలికి తాళలేక దొంగతనం చేసిన స్త్రీని పట్టుకొంటాడు. ఆమె కన్నీటికి కరిగి, తానే మరికొంత ఆహారాన్ని దొంగిలించి ఇస్తాడు. చట్టం కన్న కరుణ గొప్పదని ఆ సన్నివేశం చాటుతుంది. అయితే చివరికి వీధి అంతా ఇట్టే బాగుపడినట్లు చూపడం ఈ చిత్రానికి ఒక పరిమితి. పేదరికపు మూలాల జోలికి అది పోలేదు.

'ది ఇమిగ్రెంట్' మరింత సూటియైనది. ఓడలో వచ్చిన వలసజీవులు స్వేచ్ఛాప్రతిమను ఆశగా చూస్తారు. అంతలోనే అధికారులు వారిని తాడుతో అడ్డగించి, పశువుల మందవలె వెనుకకు నెడతారు. స్వేచ్ఛకు, అధికారానికి గల వైరుధ్యాన్ని ఆ తాడు ఒక్కటే మాటల అవసరం లేకుండా తెలుపుతుంది.

విధి విచిత్రమైనది. 1952లో చాప్లిన్ తన చిత్ర ప్రదర్శనకై లండన్‌కు ఓడలో వెళ్తుండగా, అతడు తిరిగి రావడానికి ఇచ్చిన అనుమతిని అమెరికా ప్రభుత్వం రద్దు చేసింది. కమ్యూనిస్టు సానుభూతిపరుడన్న అనుమానమే అందుకు ముఖ్యకారణం. తాను తెరపై చూపిన తాడు తనకే అడ్డుపడింది. చాప్లిన్ స్విట్జర్లాండులో స్థిరపడ్డాడు. ఇరవై ఏళ్ళ తరువాత, 1972లో అదే దేశం అతనిని ఆహ్వానించి గౌరవ ఆస్కార్‌తో సత్కరించింది. 1977 డిసెంబరు 25న అతడు కన్నుమూశాడు.

పేదవానిని చూసి నవ్వడం తేలిక. పేదవానితో కలిసి, అతనిని అణచేవారిని చూసి నవ్వడం నేర్పినవాడు చాప్లిన్. అతని మూకీ చిత్రాలు నేటికీ సజీవంగా నిలవడానికి కారణం ఇదే.