హ్యాండిల్ కొడితే చెయ్యి విరిగేది.. ఆ బాధ తప్పించిన కెటరింగ్ కథ తెలుసా?

ఇప్పుడంటే బటన్ నొక్కగానే కారు స్టార్ట్ అవుతుంది. 110 ఏళ్ల కిందట అలా కాదు. బండి ముందు నిలబడి, ఇనుప హ్యాండిల్‌ను బలంగా తిప్పాలి. అంతకంటే ముందు స్టీరింగ్ దగ్గరున్న చిన్న లివర్‌ను లేటు వైపు జరపాలి. అది మర్చిపోతే పిస్టన్ పైకి రాకముందే స్పార్క్ పడేది. అప్పుడు ఇంజిన్ వెనక్కి తిరిగి, హ్యాండిల్ గట్టిగా తన్నేది. మణికట్లు విరిగేవి, దవడలు పగిలేవి. అంతా టైమింగ్ తేడా!

ఈ సమస్యను తీర్చిన మనిషి చార్లెస్ కెటరింగ్. 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, లౌడన్‌విల్ దగ్గరి ఓ పొలంలో పుట్టాడు. కంటి చూపు సరిగా ఉండేది కాదు. దాని వల్లే చదువు మధ్యలో ఆగింది. కొన్నాళ్లు టెలిఫోన్ స్తంభాలకు గుంతలు తవ్వే గ్యాంగ్‌లో పనిచేశాడు. మళ్లీ కాలేజీకి వెళ్లి 1904లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశాడు. అప్పటికి 27 దాటాయి.

మొదటి ఉద్యోగం డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో. షాపుల్లో వాడే గల్లా మెషీన్‌కు కరెంటు మోటార్ పెట్టాడు. అక్కడే ఒక కిటుకు దొరికింది. కొన్ని క్షణాల పాటే పనిచేయాల్సిన మోటార్ పెద్దదిగా ఉండక్కర్లేదు. చిన్న మోటార్‌ మీదే ఆ కాసేపు ఎక్కువ లోడ్ వేయొచ్చు. అది వేడెక్కేలోపే పని అయిపోతుంది.

1909లో ఉద్యోగం వదిలేసి, ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి డెల్కో కంపెనీ మొదలుపెట్టాడు. ఆఫీసు అనుకునేరు.. డీడ్స్ ఇంటి వెనకాల కొట్టమే వాళ్ల వర్క్‌షాప్! ముందు ఇగ్నిషన్ మీద పడ్డారు. బ్యాటరీ, కాయిల్, తెరుచుకుని మూసుకునే పాయింట్లు.. వీటితో సరైన క్షణంలో గట్టి స్పార్క్ వచ్చే పద్ధతి తయారుచేశారు. 1910 మోడల్ క్యాడిలాక్ కార్లకు అది ఎక్కింది.

మన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని నడిపినవాళ్లకు ఈ సిస్టమ్ కొత్తేం కాదు. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపూ కాయిల్‌లో కరెంటు పారుతుంది. అవి విడిపోయిన క్షణంలో వేల వోల్టులు పుట్టి ప్లగ్ దగ్గర స్పార్క్ కొడుతుంది. పెట్రోల్ మంట పూర్తిగా అంటుకోవడానికి కొంచెం టైమ్ పడుతుంది కాబట్టి పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడాలి. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే, సెకనులో వెయ్యో వంతులోనే క్రాంక్ 18 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే స్పీడ్ పెరిగేకొద్దీ స్పార్క్ ఇంకా ముందుకు జరగాలి. తర్వాతి డిస్ట్రిబ్యూటర్లలో ఈ పని చేసింది లోపలుండే చిన్న బరువులు, స్ప్రింగులే.

పాత మెకానిక్‌లు టైమింగ్ ఎలా పెట్టేవాళ్లో చూస్తే కెటరింగ్ బుర్ర అర్థమవుతుంది. ముందు పాయింట్ల గ్యాప్ చూస్తారు. అంబాసిడర్‌కైతే సుమారు 0.4 మిల్లీమీటర్లు. గ్యాప్ మారితే టైమింగూ మారిపోతుంది, అందుకే ఈ వరస. తర్వాత ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉండగా పుల్లీ మీది గుర్తును సరిపెట్టి, డిస్ట్రిబ్యూటర్ బోల్ట్ లూజ్ చేస్తారు. కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే వైరుకీ ఇంజిన్ బాడీకీ మధ్య చిన్న బల్బు కలిపి, స్విచ్ ఆన్ చేస్తారు. డిస్ట్రిబ్యూటర్‌ను మెల్లగా తిప్పుతుంటే బల్బు వెలిగిన చోటే పాయింట్లు తెరుచుకున్నట్టు. అక్కడ బిగించేస్తారు. మరీ ముందుకు పెడితే నాకింగ్, మరీ లేటైతే పికప్ ఉండదు, ఇంజిన్ వేడెక్కుతుంది.

ఇక సెల్ఫ్ స్టార్టర్ సంగతి. దీని వెనక ఓ విషాదం ఉందంటారు. కార్లు తయారుచేసే బైరన్ కార్టర్, ఓ మహిళ బండి ఆగిపోతే సాయం చేయబోయాడట. హ్యాండిల్ వెనక్కి తన్ని దవడకు తగిలింది, ఆ తర్వాత కొన్నాళ్లకే చనిపోయాడు. స్నేహితుడి చావుతో క్యాడిలాక్ అధినేత హెన్రీ లీలాండ్ కదిలిపోయి కెటరింగ్‌ను పిలిచాడని కథ. వివరాలు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు కానీ, కార్టర్ 1908లో చనిపోయిన మాట నిజం. ఇంజిన్‌ను తిప్పాలంటే ఇంజినంత మోటార్ కావాలన్న వాదనకు కెటరింగ్ దగ్గర గల్లా మెషీన్ జవాబు ఉండనే ఉంది. 1912 మోడల్ క్యాడిలాక్ సెల్ఫ్ స్టార్టర్‌తో రోడ్డెక్కింది. బలం ఉన్నవాళ్లకే అనుకున్న కారును అందరూ నడపొచ్చని తేలింది.

తర్వాత డెల్కో జనరల్ మోటార్స్‌లో కలిసింది. కెటరింగ్ 1947 దాకా అక్కడ రీసెర్చ్ చూశాడు. కథలో మాసిపోని మచ్చ కూడా ఇక్కడే ఉంది. ఇంజిన్లలో నాకింగ్‌కు కారణం ఆయన బ్యాటరీ ఇగ్నిషనేనని కొందరు నిందించారు. కాదు, తప్పు పెట్రోల్‌ది అని నిరూపించాలని థామస్ మిడ్జ్‌లీని పురమాయించాడు. 1921 డిసెంబర్‌లో సీసం కలిపిన టెట్రాఇథైల్ లెడ్ పనిచేస్తుందని తేలింది. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందని వాళ్లకు తెలుసు. అయినా మార్కెట్‌లోకి వెళ్లింది సీసమే. 1924లో న్యూజెర్సీలోని ప్లాంట్‌లో ఐదుగురు కార్మికులు ఆ విషంతో చనిపోయారు, చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. అమ్మకాలు కొంతకాలం ఆగి, మళ్లీ మొదలయ్యాయి. సీసం విషమని అప్పటికే తెలుసు కాబట్టి దీన్ని పొరపాటు అని వదిలేయలేం.

1945లో ఆల్ఫ్రెడ్ స్లోన్‌తో కలిసి న్యూయార్క్‌లో క్యాన్సర్ పరిశోధన సంస్థ పెట్టడానికి తోడ్పడ్డాడు. స్లోన్ కెటరింగ్ అన్న పేరు ఇప్పటికీ వినిపించేది అందుకే. 1958 నవంబర్ 25న, 82 ఏళ్ల వయసులో కెటరింగ్ కన్నుమూశాడు. సీసం పెట్రోల్ మన దేశంలో 2000 ఫిబ్రవరిలో ఆగింది. చివరిగా ఆపిన దేశం అల్జీరియా.. అది 2021లో.