తంజాపుర శాహజీ మహారాజు - ఆంధ్రభాషానురక్తి

దక్షిణదేశ చరిత్రమున రాజ్యములు చేతులు మారుట సామాన్యము. జయించినవాడు ఓడినవాని కోటను, కోశమును గైకొనుటయు సామాన్యమే. తమకు పూర్వము రాజ్యమేలిన అన్యవంశీయుల భాషను గూడ గైకొని, దానియందు స్వయముగా గ్రంథములు రచించిన ప్రభువులు మాత్రము అరుదు. 1684 నుండి 1712 వరకు తంజావూరును పాలించిన భోసల శాహజీ మహారాజు అట్టివారిలో అగ్రగణ్యుడు.

భోసలవారు మహారాష్ట్రులు. ఈ రాజునకు పితామహుడును, ఛత్రపతి శివాజీకి తండ్రియు నగు మొదటి శాహజీ బిజాపుర సుల్తానుల కొలువున నుండి, బెంగుళూరు జాగీరును పొంది కన్నడదేశమున నిలిచెను. 1664లో ఆయన మరణించినదియు ఆ దేశముననే. ఆయన కుమారుడును, శివాజీకి సవతి తమ్ముడును నగు ఏకోజీ ఇంకను దక్షిణమునకు సాగెను. తంజావూరు నాయకరాజులలో కడపటివాడగు విజయరాఘవుడు 1673లో మధుర నాయకుల దండయాత్రలో మరణించెను. పిమ్మట నాయకవంశమును మరల నిలుపుటకై బిజాపురము పంపిన సేనతో వచ్చిన ఏకోజీ, 1676 ప్రాంతమున తానే సింహాసనము నధిష్ఠించెను.

ఆ నాయకరాజులును కావేరీతీరమునకు వలస వచ్చినవారే. విజయనగర ప్రభువుల ప్రతినిధులుగా వచ్చి, 1532 మొదలు అచట పాలన సాగించిన తెలుగువారు. రఘునాథ, విజయరాఘవుల కాలమున తంజావూరు ఆంధ్రసాహిత్యమునకు రాజధాని యయ్యెను. ఇట్లు తమిళదేశమున ఒక వలసవంశము పోయి మఱియొకటి వచ్చినది. వచ్చినవారి యింటిభాష మరాఠీ; ప్రజలలో అధికసంఖ్యాకుల భాష తమిళము; ఆస్థానమున వేరూనిన భాష తెలుగు.

శాహజీ 1672లో ఏకోజీకి, దీపాంబకు జన్మించెను. అతని అయిదవయేట, 1677లో, శివాజీ దక్షిణమునకు వచ్చి పైతృకమున సగభాగము కోరెను. సోదరుల సేనలు పోరాడినవి. దీపాంబ భర్తను సంధికి ఒప్పించినదని ప్రసిద్ధి. పండ్రెండవయేట శాహజీ పట్టాభిషిక్తుడయ్యెను.

ఆ కాలము శాంతికాలము కాదు. 1689లో శివాజీ కుమారుడగు రాజారాముడు మొగలుసేనలను తప్పించుకొని జింజికోటను చేరెను. 1698లో కోట పడువరకు యుద్ధము సాగినది. శాహజీ ఒకవంక పెదతండ్రి కుమారునకు తోడ్పడవలసి వచ్చెను. మఱియొకవంక మొగలు సేనాని జుల్ఫికర్‌ఖానునకు కప్పము కట్టి రాజ్యమును కాపాడుకొనవలసి వచ్చెను. రామనాథపురము, మధుర రాజ్యములతో కలహములును తీరలేదు.

జింజి ముట్టడి సాగుచుండగనే, 1693లో ఆయన కుంభకోణమునకు సమీపమునందలి తిరువిశనల్లూరును శాహజీరాజపురమను పేర నలువదియాఱుగురు పండితులకు అగ్రహారముగా నొసగెను. జానకీపరిణయ నాటకకర్త రామభద్ర దీక్షితులు, అయ్యావాళ్ అని ప్రసిద్ధి చెందిన శ్రీధర వేంకటేశులు ఆ విద్వత్సమాజమునకు అలంకారములు. శ్రీధర వేంకటేశులు ఈ రాజు చరితమును శాహేంద్రవిలాసమను సంస్కృత మహాకావ్యముగా రచించెను. ఈ పోషణముచేతనే శాహజీకి అభినవభోజుడను బిరుదము సార్థకమైనది.

పండితపోషణము రాజధర్మములలో నొకటి. శాహజీ దానితో తృప్తిపడక స్వయముగా కలము పట్టెను. ఆయన యిష్టదైవము తిరువారూరు త్యాగేశుడు. తమిళ శైవులు చిరకాలముగా కొలిచిన ఆ స్వామిపై ఈ మహారాష్ట్ర ప్రభువు తెలుగున పదములు రచించెను. శంకరపల్లకీసేవా ప్రబంధము ఆ స్వామికే అంకితమైన గేయరూపకము. రాగముల లక్షణములను తెలుపు గ్రంథమును గూడ తెలుగుననే సంకలనము చేయించెను. సతీదానశూరమను యక్షగానమున శాస్త్రపండితుడే పరిహాసపాత్రమగుట గమనింపదగినది. అగ్రహారమొసగిన రాజే పండితుల బలహీనతలను చూచి నవ్వగలిగెను. ఆయన రూపకములలోని తెలుగు పలుతావుల వ్యాకరణసమ్మతము గాదని ఆక్షేపించుట సులభము. ఆడుటకును, పాడుటకును వ్రాసిన రచనలందు జనవ్యవహారము చేరుట సహజము. నేటి పరిశోధకునకు నాటి దక్షిణాంధ్ర వాడుకభాషను తెలుపు సాక్ష్యమును అదియే.

తెలుగును చేపట్టుటకు ఆయన తన యింటిభాషను విడువలేదు. లక్ష్మీనారాయణ కల్యాణమను నాటకమును మరాఠీలో రచించెను. పంచభాషావిలాసమున ద్రవిడ, ఆంధ్ర, మహారాష్ట్ర, ఉత్తరదేశ రాజకన్యలు తమ తమ భాషలలో పలుకుదురు, సంస్కృతము అయిదవది. నలువురును వరించినది ఒక్క కృష్ణునే. పలుభాషల ప్రజలను పాలించుచు, వారిలో ఏ భాషకును అన్యుడు కాకుండ బ్రతుకనెంచిన రాజు హృదయము ఈ కథాకల్పనయందు గోచరించుచున్నది. వలసవంశములలో మూడవతరము సాధారణముగా పూర్వభాషను మరచుటయో, క్రొత్తభాషను దూరముంచుటయో జరుగును. శాహజీ ఆ రెంటిలో దేనికిని లోనుగాలేదు.

ఆయన సంతానహీనుడుగా 1712లో మరణించెను. తమ్ములు శరభోజీ, తుక్కోజీ క్రమముగా రాజులైరి. తుక్కోజీ సంగీతసారామృతమును సంస్కృతమున రచించి అన్నగారి మార్గమును నిలిపెను. 1855లో రెండవ శివాజీ పురుషసంతానము లేక మరణింపగా ఆంగ్లేయులు రాజ్యమును కలుపుకొనిరి. రాజభవనమునందలి గ్రంథసంచయము మాత్రము నిలిచి, 1918లో సరస్వతీమహలు గ్రంథాలయముగా ప్రజలకు లభ్యమైనది. మరాఠీరాజు తమిళదేశమున తెలుగున రచించిన గ్రంథముల వ్రాతప్రతులు పరిశోధకులకు దక్కినది ఆ రక్షణము వలననే.