దర్జీ కొట్టు నుంచి బిర్లా భవనం దాకా

సావనీర్లలో త్యాగధనుల గురించి రాస్తాం, శాస్త్రవేత్తల గురించి రాస్తాం. హంతకుల గురించి ఎవరూ రాయరు. అయినా ఈ ఏడు నేను నాథూరాం గాడ్సే గురించి రాయదలిచాను. అతడు గాంధీజీని చంపాడన్నది చిన్నపిల్లలకీ తెలుసు. అక్కడిదాకా ఎలా నడిచి వెళ్ళాడన్నదే మన వయసువాళ్ళం తెలుసుకోవలసిన సంగతి.

1910 మే 19న పూనా జిల్లా బారామతిలో పుట్టాడు. తండ్రి తపాలా శాఖలో చిరుద్యోగి. అంతకుముందు పుట్టిన మగపిల్లలు ముగ్గురూ పసితనంలోనే పోయారు. ఈ బిడ్డయినా దక్కాలని ముక్కు కుట్టించి ఆడపిల్లలా పెంచారు. అసలు పేరు రామచంద్ర. మరాఠీలో నథ్ అంటే ముక్కెర. దానివల్లే నాథూరాం అయ్యాడు. బిడ్డ దక్కాలని పెంటయ్య అని పేరు పెట్టుకునే పల్లెల నుంచి వచ్చినవాళ్ళకి ఇదేం వింత కాదు.

మెట్రిక్ గట్టెక్కలేదు. సర్కారు కొలువు ఆశ అక్కడితో సరి. 1929లో తండ్రికి రత్నగిరి బదిలీ అయింది. అండమాన్ జైలు చూసొచ్చిన సావర్కర్ అప్పుడు ప్రభుత్వ ఆంక్షల మధ్య ఆ ఊళ్ళోనే ఉండేవాడు. అంత పేరున్న మనిషి, పరీక్ష పోయిన పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి దగ్గరికి రానిచ్చాడు. నన్నడిగితే మలుపు అక్కడే ఉంది. తర్వాత కుటుంబం సాంగ్లీ చేరింది. అక్కడ బట్టలు కుట్టే కొట్టు పెట్టాడు. 1930ల మొదట్లో రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్‌లో చేరాడు. దాన్ని ఎప్పుడు వదిలాడు, అసలు వదిలాడా అన్నదాని మీద వాదన ఇంకా తెగలేదు. ఆపైన పూనా, హిందూ మహాసభ.

ఇక మన గడ్డ మీదికొద్దాం. 1938లో మహాసభ నిజాం రాజ్యంలో సత్యాగ్రహం మొదలుపెట్టింది. మొదటి జట్టును నడిపించుకొచ్చినవాడు గాడ్సేయే. పట్టుకుని ఏడాది శిక్ష వేశారు. నిజాం పాలనలో పౌరహక్కులు లేవన్నది అక్షరాలా నిజం. ఆ ఏడాదే స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించారు. వందేమాతరం పాడారని విద్యార్థుల్ని కాలేజీల నుంచి గెంటేశారు, పి.వి. నరసింహారావు గారు అలా బయటపడ్డవారే. మరో వంక పల్లెల్లో వెట్టిచాకిరీ. రైతుబిడ్డగా ఇక్కడొక మాట చెప్పాలి. ఆ వెట్టి చేయించుకున్న దొరల్లో, దేశ్‌ముఖుల్లో హిందువులే ఎక్కువ. అందుకే రైతులు ఆంధ్ర మహాసభ సంఘాల్లో చేరి దొర గడీని నిలదీశారు. గాడ్సేకి మాత్రం గడీ కనపళ్ళేదు, రాజుగారి మతమే కనపడింది. ఆ జైల్లోంచి బయటికొచ్చాక తన ముందువాళ్ళలో అతడికి ఒక హోదా వచ్చింది.

1942లో హిందూ రాష్ట్ర దళ్, 1944లో 'అగ్రణి' పత్రిక. పెట్టుబడిలో సావర్కర్ ఇచ్చిన పదిహేను వేలున్నాయి. పత్రికలో జతగాడు నారాయణ్ ఆప్టే. ఈయన మనలాగే సైన్సువాడు, బి.ఎస్సీ. పాసై, అహ్మద్‌నగర్‌లో మిషన్ బడిపంతులుగా చేసినవాడు. అంటే చదువు లేక చెడిపోయారనుకునే వీల్లేదు.

గోపాలపట్నంలో పరీక్షలకు చదువుకుంటూ ఇరుకు గదుల్లో నలుగురైదుగురం సర్దుకుని ఉంటాం. మా పక్కగది కుర్రాడొకడికి రెండు సబ్జెక్టులు పోయి, ఇంటికి ఫోన్ చెయ్యడం కూడా మానేశాడు. ఆ సమయంలో ఎవరో అన్నలు టిఫిను పెట్టించారు, తమ్ముడూ అని పిలిచారు, రాత్రిళ్ళు కూర్చోబెట్టి మాట్లాడారు. నెల తిరిగేసరికి మనోడి ఫోన్లో గాడ్సే బొమ్మ! మేం నలుగురం ఒకే ఇంట్లో ఉండి వాణ్ణి ఒక్కసారి టీకి పిలిచిన పాపాన పోలేదు. పాకిస్తాన్‌కి 55 కోట్లు ఇప్పించడానికి గాంధీజీ నిరాహారదీక్ష చేశారనీ, అది చూసి భరించలేక గాడ్సే కాల్చాడనీ వాడి వాదన.

తేదీలు చూద్దాం. దీక్ష సంగతి గాంధీజీ ప్రకటించింది 1948 జనవరి 12న, మొదలైంది 13న. కోర్టులో తేలినదాని ప్రకారం ఆప్టే, ఆయుధాలమ్మే దిగంబర్ బడ్గేని చేతిబాంబులు, రివాల్వర్లు అడిగింది జనవరి 10న. రెండు రోజులు ముందు! నేనివి కాగితం మీద రాసి చూపించాను. వాడు ఒప్పుకోలేదు గానీ కాగితం జేబులో పెట్టుకున్నాడు.

జనవరి 20న బిర్లా భవనంలో బాంబు పేల్చి దొరికిపోయినవాడు మదన్‌లాల్ పహ్వా. విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న పంజాబీ కాందిశీకుడు. అతడి కడుపుమంటకి కారణముంది. దాన్ని చల్లార్చేవాళ్ళు కాకుండా వాడుకునేవాళ్ళు దొరికారు. పది రోజులకి, 30వ తేదీ సాయంత్రం ప్రార్థనకు వెళ్తున్న గాంధీజీ గుండెల్లోకి గాడ్సే మూడు గుళ్ళు పేల్చాడు.

ఎర్రకోటలో విచారణ జరిగింది. 1949 ఫిబ్రవరి 10న గాడ్సేకి, ఆప్టేకి ఉరిశిక్ష పడింది. సావర్కర్ నిర్దోషిగా విడుదలయ్యాడు. గాంధీజీ కొడుకులు మణిలాల్, రామదాస్ ఉరి వద్దని వేడుకున్నా ప్రభుత్వం వినలేదు. నవంబరు 15న అంబాలా జైల్లో ఇద్దర్నీ ఉరితీశారు.

ఆ బోనులోనే మనవాళ్ళెవరూ అంతగా తలచుకోని ఒకడున్నాడు: శంకర్ కిష్టయ్య, షోలాపూర్ వైపువాడు, బడ్గే దగ్గర జీతగాడు. చదువురాదు. అతడి కోసం కోర్టులో తెలుగు దుబాసీని పెట్టాల్సొచ్చింది. యజమాని మొయ్యమన్న సంచి మోశాడు. యజమాని అప్రూవరుగా మారి బయటపడ్డాడు. కిష్టయ్యకి యావజ్జీవం పడింది. 1949 జూన్‌లో సిమ్లాలో హైకోర్టు అతణ్ణి వదిలేసింది.