ఆవిరిని వృథా పోనీయని రిల్యూ మహాశయుడు

బెల్లము వండిన రైతులందరును ఎరిగిన విషయమే: చెరకు రసమున అధికభాగము నీరే. ఆ నీటిని వెడలగొట్టుటకే కట్టెయు పిప్పియు వ్యయమగును. పైకెగసిన ఆవిరితో ఆ వేడియంతయు గాలిపాలగును. ఆ వేడిని మరల పనికి నియోగించిన మేధావి నార్బర్ట్ రిల్యూ.

ఈయన 1806 మార్చి 17న అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమున జన్మించెను. తండ్రి శ్వేతజాతీయుడు, తల్లి కాన్‌స్టాన్స్ వివాన్ బానిసత్వము లేని నల్లజాతి వనిత. స్వదేశమున వర్ణభేదము ప్రబలముగా నున్నందున విద్యకై ఫ్రాన్సుకు వెడలెను. 24వ ఏటనే పారిస్ నగరమున ఎకోల్ సంత్రాల్ అను కళాశాలలో యంత్రశాస్త్రము బోధించెను.

ఆనాటి అమెరికా చెరకు తోటలలో బానిసలు వరుస కొప్పెరలలో మరుగు రసమును పొడవైన గరిటెలతో ఒకదాని నుండి మరియొకదానికి తోడిపోయుచుండిరి. ఒడలు కాలుటయు, రసము మాడుటయు నిత్యకృత్యములు.

రిల్యూ మూతగల పాత్రలను వరుసగా నమర్చెను. మొదటి పాత్రలోని రసము నుండి లేచిన ఆవిరి రెండవ పాత్ర గొట్టములలో ప్రవేశించి అందలి రసమును మరిగించును. దాని ఆవిరి మూడవదానిని మరిగించును. వేడి తగ్గిన ఆవిరి రసము నెట్లు మరిగించునని సందేహము కలుగవచ్చును. పీడనము తగ్గినచో నీరు తక్కువ వేడికే మరుగును. కావున పాత్ర పాత్రకు పీడనము తగ్గించుటయే ఇందలి కీలకము. మూడు పాత్రలున్నచో ఒక పాలు ఆవిరితో సుమారు మూడు పాళ్ల నీరు వెడలును. చక్కెరయు మాడక తెల్లనై వచ్చును.

1843లోను, 1846లోను ఈయన పేటెంటులు పొందెను. 1845లో మర్టిల్ గ్రోవ్ తోటలో యంత్రము జయప్రదమయ్యెను. తోటల యజమానులకు లాభము చేకూరెను. యంత్రకర్తకు మాత్రము వారితో సమాన మర్యాద దక్కలేదు. బానిసల చేతి గరిటె తొలగెను గాని కాలి సంకెల తొలగలేదు. అమెరికాలో బానిసత్వము రద్దగుట 1865లో. అంతకు మునుపే రిల్యూ పారిస్ చేరి, ప్రాచీన ఈజిప్టు లిపిని అభ్యసించెను. 75వ ఏట మరల చక్కెర యంత్రముల వైపు మరలి, 1894 అక్టోబరు 8న పరమపదించెను.

1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో మన ప్రాంతమున చెరకు వర్ధిల్లెను. బోధనులో 1937లో వెలసి 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారము మనకు సుపరిచితమే. అట్టి కర్మాగారములన్నిటికిని రిల్యూ సూత్రమే ఆధారము. పాలపొడి తయారీకిని, ఉప్పునీటిని మంచినీరుగా మార్చుటకును అదియే తోడ్పడుచున్నది.

పాఠక సోదరులారా! పుట్టుకను చూచి మనుష్యుని విలువ కట్టినవారి పేర్లు మరుగున పడినవి. రిల్యూ చేసిన మేలు నేటికిని మన ఇంటింట చక్కెర డబ్బాలో నున్నది.