డోర్నకల్ బిషప్ అజరయ్య గారు: పాపం, కృప, మనిషి విలువ



ఆదివాసీ సంఘం సంచికలో ఒక క్రైస్తవ బిషప్ జీవితం ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణం చెబుతాము. కొన్నేళ్ళ క్రితం మేము పనిచేసిన హాస్టల్లో ఒక పిల్ల తోటి పిల్ల పెట్టెలోంచి యాభై రూపాయలు తీసింది. అడగకముందే తానే వచ్చి ఒప్పుకుంది. అయినా మేము ప్రార్థన సమయంలో అందరి ముందూ ఆమెను నిలబెట్టి తిట్టాము. తెల్లారి ఆ పిల్ల ఊరికి వెళ్ళిపోయింది. తప్పు ఎవరిది ఎక్కువ అన్న ప్రశ్న ఆ రోజు నుంచి మమ్మల్ని వదలలేదు. ఆ ప్రశ్నతోనే మేము అజరయ్య గారి జీవితం చదివాము.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు మన ప్రాంతంలో పుట్టినవారు కాదు. 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ ఊరి పాదిరి. తల్లి పేరు ఎలెన్. వారిది నాడార్ కులం. తాటిచెట్లు ఎక్కి బతికే కులమని ఆ రోజుల్లో పై కులాలవారు వారిని గుడి దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. చిన్నచూపు ఎలా ఉంటుందో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోనక్కర లేకపోయింది.

చదువు అయ్యాక ఆయన వైఎంసీఏలో కార్యదర్శిగా చేరి దక్షిణాది అంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్ళాడారు. దక్షిణ భారతంలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు.

1902లో ఆయన శ్రీలంకలోని యాళ్పాణం వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో వేరే ప్రాంతాలకు సేవకులను పంపుతున్నారు. అంత పెద్దదైన తిరునెల్వేలి సంఘం ఆ పని చేయడం లేదు. అది చూసి ఆయన సిగ్గుపడ్డారు. చెడ్డ పని చేయడమే కాదు, చేయవలసిన మంచి చేయకపోవడం కూడా పాపమేనని ఆయనకు తోచింది. తిరిగి వచ్చి, మరుసటి ఏడాది 1903లో, తోటివారితో కలిసి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. ఆ సొసైటీ పని కోసం ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. మన సత్తుపల్లి నుంచి కొత్తగూడెం దాకా బస్సులో వెళ్ళి, భద్రాచలం రోడ్ స్టేషన్‌లో రైలెక్కితే వచ్చే ఆ జంక్షనే.

1909లో మంచి ఉద్యోగం వదులుకుని, గురువుగా అభిషేకం పొంది, ఆయన డోర్నకల్ చేరారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్ళు. కొత్తగా తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, తెల్లదొరలు భారతీయుల కోసం త్యాగాలు చేశారు కానీ తమతో సమానంగా కూర్చోబెట్టుకుని స్నేహం చేయలేదని ముఖం మీదే చెప్పారు. కొందరికి కోపం వచ్చింది. పాపం గురించి బోధించడానికి వచ్చినవారిలో కూడా పాపం ఉందని ఆయన చెప్పారు. ఆ పాపం పేరు గర్వం.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. కొందరు తెల్లవారికే కాదు, మన దేశపు క్రైస్తవుల్లో కొందరికి కూడా అది నచ్చలేదు.

ఇక్కడ ఒక మాట వివరంగా చెప్పాలి. మీలో క్రైస్తవులు ఉన్నారు, ఊరి వేల్పులను కొలిచేవారు ఉన్నారు. మేము ఎవరినీ ఏ మతంలోకీ పిలవడం లేదు. ఆయన నమ్మింది ఏమిటో తెలిస్తేనే ఆయన జీవితం అర్థమవుతుంది. క్రైస్తవ విశ్వాసంలో పాపమంటే దొంగతనం, అబద్ధం వంటి పనులు మాత్రమే కాదు. మనిషి మనసు దేవుని వైపు నుంచి తన వైపుకే వంగిపోవడం పాపం. ఆ వంకర అందరిలోనూ ఉంది, ఎవరూ తమంతట తాము దాన్ని సరిచేసుకోలేరు. కాబట్టి కృప కావాలి. తునికాకు కల్లంలో కట్టలు లెక్కపెట్టి కూలి ఇస్తారు. కట్ట తగ్గితే కూలి తగ్గుతుంది. కృప అలాంటి కూలి కాదు. క్రీస్తు ద్వారా దేవుడు ఉచితంగా ఇచ్చే క్షమాపణ అది. అయితే క్షమాపణ పొందినవాడు మునుపటిలా బతకడు అని కూడా ఆ విశ్వాసం చెబుతుంది.

అజరయ్య గారు ఈ మాటను పల్లెల్లో ఆచరణలో పెట్టారు. ఆయన దగ్గరికి వచ్చినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఇద్దరూ అంటరానివారిగా బాధలు పడినవారే. కానీ వారిలో వారికే ఒకరి నీళ్ళు ఒకరు తాగని పట్టింపు ఉండేది. ప్రభువు బల్ల దగ్గర అందరూ ఒకే గిన్నెలోంచి తాగాలని ఆయన పట్టుబట్టారు. అణచివేతకు గురైనవాడు కూడా తనకంటే కిందివాణ్ణి వెతుక్కుంటే అది పాపమేనని ఆయన భావం. తాగుడు, అప్పు, మురికి, రోగం పల్లెలను పీడించే నాలుగు భూతాలని చెప్పి, వాటిపై బడి ద్వారా, ఉపాధ్యాయుల ద్వారా పోరాడారు. డోర్నకల్లో బోర్డింగ్ బడి, గురువుల శిక్షణ పాఠశాల, ముద్రణాలయం నడిచాయి. పాటలు తెలుగు బాణీల్లో పాడించారు. కోలాటాన్ని, భజనను, జాతరను పాపమని తోసిపుచ్చలేదు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్‌లో మన గుళ్ళ స్తంభాల తీరు, మసీదుల గుమ్మటాల తీరు కలిసి కనిపిస్తాయి.

1930లలో ఆయనకు గాంధీజీతో గట్టి భేదాభిప్రాయం వచ్చింది. పేదలు గుంపులుగా మతం మారడం ఆత్మ ఆకలి వల్లనేనా అని గాంధీజీ సందేహించారు. అజరయ్య గారు ఒప్పుకోలేదు. చదువు లేనివాడికి కూడా తన తప్పు తెలుస్తుందని, క్షమాపణ కోసం వాడి మనసూ తపిస్తుందని ఆయన నమ్మకం. అలాగని ఆయన దేశానికి ఎదురు నిలిచినవారు కాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు.

గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో కోయల మధ్య క్రైస్తవ సేవ ఆయనకంటే చాలా ముందే, 1860లలోనే మొదలైంది. నేడు ఆ ప్రాంతం కూడా డోర్నకల్ అధ్యక్ష మండలంలోనే ఉంది. ఆయన చివరి ఏళ్ళకు ఆ మండలంలో విశ్వాసులు రెండు లక్షలు దాటారు. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్లోనే కన్నుమూశారు. ఆయన 1919 నుంచి పాటుపడిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపు దాల్చింది. చూడడానికి ఆయన లేరు.

మా సంగతికి వస్తాము. ఆయన జీవితం చదివాక మాకు అర్థమైంది ఇది. పేదవాడి తప్పును అందరూ తొందరగా చూస్తారు. చదువుకున్నవారి గర్వానికి మాత్రం క్రమశిక్షణ అని పేరు పెడతారు. యాభై రూపాయలు తీసిన పిల్ల తన తప్పు ఒప్పుకుంది. మేము మాది ఒప్పుకోలేదు. పదిహేను రోజుల తర్వాత ఆ పిల్ల గూడేనికి వెళ్ళాము. వాళ్ళమ్మ చాప పరిచి, కూర్చోండి మేడం అని నీళ్ళిచ్చింది. తప్పు మాదని ఆ తల్లికీ పిల్లకీ చెప్పాము. ఆ తల్లి ఏమీ అడగలేదు, లెక్క చూడలేదు. పిల్ల సంచి సర్దింది. మా వెంటే పంపింది.

ఏ దేవుణ్ణి కొలిచినా, కొలవకపోయినా, మీరు ఈ రెండూ గుర్తుంచుకోవాలని మా కోరిక. మీ తప్పును చూపించి మీ జాతినే తక్కువ చేసేవారి మాట నమ్మవద్దు. తప్పు అందరిలోనూ ఉంది. అలాగే మనవాళ్ళు అన్యాయానికి గురయ్యారు కాబట్టి మనలో తప్పే లేదని కూడా అనుకోవద్దు. తప్పు ఒప్పుకోగలగడం మనిషికి తలవంపు కాదు. క్షమాపణ అడిగినవాణ్ణి మళ్ళీ పక్కన కూర్చోబెట్టుకోవడం మీ తరం నేర్చుకుంటే, ఈ సంచిక వేసిన శ్రమకు ఫలితం దక్కినట్టే.


మీ హాస్టల్ వార్డెన్, సత్తుపల్లి